ఒకే చాప మీద చిన్నా పెద్దా
మన బడులలో కలసి చదివిన చదువు

ఒక పాఠశాల డెబ్బది అయిదు సంవత్సరాలు నిండించుకోవడం సామాన్య విషయం కాదు. ఇటువంటి శుభసందర్భంలో పూర్వ విద్యార్థులు ఒకచోట కూడినప్పుడు సంభాషణ ఎక్కడ మొదలైనా చివరకు మనుషుల వద్దకే వచ్చి ఆగుతుంది. ఏ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. బడిలో చేరిన మొదటి రోజున గుమ్మం పట్టుకొని ఏడుస్తూ నిలబడినప్పుడు చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొనిపోయిన పై తరగతి అన్నయ్య జ్ఞాపకం ఉంటాడు. పలక పగిలిన నాడు తన పలకలో సగం చోటు ఇచ్చిన అక్కయ్య జ్ఞాపకం ఉంటుంది. హాజరు పట్టీలో ఆ అన్నయ్యది ఒక తరగతి, ఈ తమ్మునిది మరొక తరగతి. జ్ఞాపకంలో మాత్రం ఇద్దరిదీ ఒకే బడి.

ఈనాడు ప్రాథమిక పాఠశాలలో రెండు మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టినారని తెలిస్తే తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు. అది పేద బడికి గుర్తని, ఉపాధ్యాయుల కొరత వల్ల వచ్చిన లోపమని భావిస్తారు. ఈ భావనలో కొంత నిజం లేకపోలేదు. అయితే వయస్సును బట్టి, తరగతిని బట్టి పిల్లలను వేరువేరు గదులలో కూర్చోబెట్టే పద్ధతి మన నేలకు కొత్తది. అంతకుముందు అనేక తరాలపాటు చిన్నలు పెద్దలు ఒకే చాప మీద కూర్చొని చదువుకున్నారు. ఆ చదువు ఎట్లా సాగింది, అందులో ఏది నిలుపుకోదగినది, ఏది విడిచిపెట్టదగినది అన్న విచారణకు ఇటువంటి సంచిక తగిన వేదిక.

వీధిబడి

ఆధునిక పాఠశాలలు రాకపూర్వం తెలుగునాట ఊరి చదువుకు ఆధారం వీధిబడి. పంతులుగారి ఇంటి అరుగో, గుడి మండపమో, చావిడియో, చెట్టునీడయో బడిగా ఉండేది. సాధారణంగా ఒక్కరే పంతులు. అయిదేళ్ల పసివాడు మొదలుకొని పన్నెండు పదమూడేళ్ల బాలుని వరకు అందరూ అక్కడనే. ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దేవారు ఒక ప్రక్క, ఎక్కాలు వల్లెవేసేవారు ఒక ప్రక్క, తాటాకు మీద గంటంతో వ్రాసే పెద్దపిల్లలు మరొక ప్రక్క.

ఈ బడులను గూర్చి మనకు లభిస్తున్న విలువైన సమాచారం మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో చేయించిన విద్యా సర్వే. 1822 జూన్ 25న ఆయన ఆదేశించగా జిల్లా కలెక్టర్లు వివరాలు సేకరించి పంపినారు. వాటిని క్రోడీకరించి 1826 మార్చి 10న మన్రో వ్రాసిన నివేదిక ప్రకారం మద్రాసు రాజధానిలో బడులు, ఉన్నత విద్యాస్థానాలు కలిపి 12,498. వాటిలో చదివేవారు 1,88,650 మంది. నాటి జనాభా 1,28,50,941. అంటే సుమారు వేయిమందికి ఒక బడి ఉన్నదన్నమాట. ఈ అంకెలను పండితులు పలుమార్లు ఉదహరించినారు. వీటిలోనే మరొక లెక్క దాగి ఉన్నది. విద్యార్థుల సంఖ్యను బడుల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క బడికి సగటున పదిహేనుగురు వస్తారు. పదిహేనుగురు పిల్లలు, ఒక పంతులు ఉన్నచోట వయస్సుల వారీగా తరగతులు కట్టడం అసంభవం. అన్ని వయస్సుల వారూ కలసి ఉండటమే ఆ బడుల స్వరూపం.

మన యానామునకు చుట్టూ ఉన్న నాటి రాజమహేంద్రవరం జిల్లాలో 279 ఉన్నత విద్యాస్థానాలు, వాటిలో 1,454 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆ సర్వేలో లెక్క తేలింది. ఒక్కొక్క గురువు వద్ద అయిదారుగురు మాత్రమే. అక్కడ కూడా వేదమో, శాస్త్రమో కొత్తగా మొదలుపెట్టినవాడు, సగం పూర్తిచేసినవాడు ఒకే ఇంటి అరుగుమీద కూర్చునేవారు.

పాఠం జరిగే తీరును కన్నులకు కట్టినట్లు వర్ణించినవాడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. ఈయన తెలుగువారికి అపరిచితుడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వ్రాసి ప్రకటించిన విద్వాంసుడు. 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదికలో బళ్లారి జిల్లా బడులు 533 అని, వాటిలో తెలుగు బడులు 226 అని ఉన్నది. అక్కడ పిల్లవానికి అయిదవ ఏట అక్షరాభ్యాసం. ఉదయం ఆరు గంటలకే బడి. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవానికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ. ఆపైన వచ్చేవారికి వరుసగా ఒక్కొక్క దెబ్బ పెరుగుతూ పోయేది. సాధారణంగా నాలుగు వర్గాలుగా పిల్లలను విభజించేవారు. క్రింది వర్గాల వారిని కొంతవరకు పై వర్గాల పెద్దపిల్లలు చూచుకునేవారు. పై వర్గాలను పంతులుగారు స్వయంగా చూచేవారు. ఎవరైనా ఒక వర్గం నుండి మరొక వర్గానికి పోవడం ఏడాది తిరిగినందువలన కాదు, తనకు వచ్చిన చదువును బట్టి.

ఈ చివరి మాట గమనింపదగినది. ఆ బడిలో తప్పినవాడు, వెనుకబడినవాడు అన్న ముద్ర పడే తరుణమే లేదు. నిరుడు ఇసుకలో దిద్దినవాడు ఈ ఏడు మరొకనిచేత దిద్దిస్తాడు. తాను నేర్చిన చోటనే నిలిచి నేర్పించడం వలన బడిలో ప్రతివానికీ ఒక స్థానం, ఒక పని ఏర్పడేవి.

బడికీ ఊరికీ ఉన్న బంధాన్ని దసరా పండుగ చాటేది. పంతులుగారు పిల్లలందరినీ వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు పూలు నింపిన గిలకలు పట్టుకొని దసరా పద్యాలు పాడేవారు. గృహస్థులు పంతులుగారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఆ ఊరేగింపులో మొదటి వర్గం, నాలుగవ వర్గం అన్న భేదం లేదు. పద్యం రాని చిన్నవాడు పెద్దవాని గొంతుతో గొంతు కలిపేవాడు. రెండు మూడు పండుగలు గడిచేసరికి ఆ పద్యాలు వానికీ కంఠస్థమయ్యేవి.

అరుగు మీద లేనివారు

వీధిబడిని ఇంతటితో స్వర్ణయుగంగా కీర్తించి ఊరుకోవడం న్యాయం కాదు. అదే క్యాంబెల్ నివేదికలో శిక్షల వర్ణన కూడా ఉన్నది. చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీయడం, ఆగకుండా కూర్చోబెట్టి లేవదీయడం నాటి బడులలో ఉన్నవే. మన పెద్దలు వాటినే కోదండమని, గుంజీళ్లని చెప్పుకునేవారు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. మన్రో లెక్కలోని 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. బళ్లారి జిల్లాలోని 6,641 మందిలో బాలికలు అరువదిమంది. ఊరి వెలుపల ఉంచబడిన కులాల పిల్లలకు ఆ అరుగు మీద చోటే లేదు. వయస్సులను కలిపిన బడి కులాలను కలపలేదు, బాలికలను పిలువలేదు. ఆ చాప మీద కూర్చున్నవారికి అది ఆత్మీయమైన లోకం. కూర్చోనివ్వబడనివారికి అది మూసిన తలుపు. కనుక కలసి చదవడమంటే ఏమిటో చెప్పుకునేటప్పుడు ఎవరితో కలసి అన్న ప్రశ్నను కూడా విడువకూడదు. ఈ విషయంలో తరువాతి కాలపు ప్రభుత్వ పాఠశాల సాధించిన మేలు చాలా గొప్పది. తలుపు తెరచినది అదే.

మద్రాసు నుండి లండనుకు, పారిస్‌కు

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఈ పద్ధతిని చూచి ఆశ్చర్యపోయిన విదేశీయులు మన్రో కాలానికి ముందే ఉన్నారు. 1623లో కన్నడ దేశంలోని ఇక్కేరి ప్రాంతంలో ప్రయాణం చేసిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఒక గుడి మండపంలో నలుగురు బాలురు గురువు లేకుండానే ఇసుకలో అంకెలు వ్రాసుకుంటూ రాగయుక్తంగా లెక్కలు నేర్చుకోవడం చూచి తన లేఖలో వర్ణించినాడు. ఒకడు మరచినా నలుగురూ ఒకేసారి మరువరు గదా అన్నది ఆ పిల్లల ధీమా.

ఆ పద్ధతి సముద్రాలు దాటినది మాత్రం స్కాట్లండు మతగురువు డాక్టర్ ఆండ్రూ బెల్ వలన. ఆయన 1787లో మద్రాసుకు వచ్చి, 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి అధికారి అయినాడు. అక్కడి ఉపాధ్యాయులతో ఆయనకు పొసగలేదు. ఒకనాడు ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి, అదే విధంగా తన శరణాలయంలోనూ చేయదలచినాడు. ఉపాధ్యాయులు కాదన్నారు. అప్పుడు ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే బాలునికి ఆ పని అప్పగిస్తే అతడు చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పి చూపినాడు. ఈ అనుభవాన్ని బెల్ 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించినాడు. ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడినది. 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ఇంగ్లండులో దానిని వ్యాపింపజేసినది. బెల్ ఇచ్చిన ధనంతో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో 1833లో వెలసిన పాఠశాలకు నేటికీ మద్రాస్ కాలేజీ అనే పేరు.

ఫ్రాన్సులో కూడా 1815లో, నెపోలియను పాలన చివరి వంద దినాలలో, మంత్రి లాజార్ కార్నో ఈ పద్ధతిని ప్రవేశపెట్టించినాడు. దానిని అక్కడ పరస్పర బోధన అన్నారు. 1814 పారిస్ ఒప్పందం మేరకు యానాం తిరిగి ఫ్రెంచి వారికి దక్కవలసి ఉన్న కాలం అది. మన తీరపు ఇసుకలో పుట్టిన చదువు పారిస్ బడులకు చేరినది ఆ రోజులలోనే.

అయితే ఆ ప్రయాణంలో ఒక ముఖ్యమైన మార్పు జరిగినది. మన వీధిబడిలో పదిహేనుగురు పిల్లలు. అందరూ ఒకే ఊరివారు. పెద్దవానికి చిన్నవాని ఇల్లు తెలుసు, తల్లి తెలుసు. ఇంగ్లండు, ఫ్రాన్సు నగరాలలో ఒక పెద్ద హాలులో వందలమందిని వరుసలలో కూర్చోబెట్టి, ఒక్క ఉపాధ్యాయుని క్రింద పెద్దపిల్లలను మేస్త్రీలుగా నియమించినారు. అది తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి చదువు చెప్పే యంత్రం అయినది. పిల్లవాడు పిల్లవానికి నేర్పడం మిగిలినది గాని, ఒకరికొకరు తెలిసి ఉండటం పోయినది. కొన్ని దశాబ్దాలలోనే ఆ దేశాలు దానిని విడిచిపెట్టినవి. ఫ్రాన్సులో 1833లో గిజో విద్యాచట్టం వచ్చిన కాలం నుండి ఉపాధ్యాయుడే తరగతికంతటికీ ఏకకాలంలో బోధించే పద్ధతికి ప్రాధాన్యం లభించినది.

పద్ధతి మాత్రమే ప్రయాణం చేసి బంధం ప్రయాణం చేయకపోతే ఏమవుతుందో ఈ చరిత్ర చెబుతున్నది.

తరగతి గోడలు

1854 నాటి ఉడ్ ప్రణాళిక తరువాత మన దేశంలోనూ పాఠశాలలకు గ్రాంటులు, తనిఖీలు, నిర్ణీత పాఠ్యపుస్తకాలు వచ్చినవి. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో పరీక్ష ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం కూడా నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క తరగతినీ విడిగా పరీక్షిస్తాడు. కనుక తరగతులను విడదీయవలసి వచ్చింది. ఒక ఏడు, ఒక పుస్తకం, ఒక పరీక్ష, ఒక మెట్టు అన్న క్రమం అట్లా స్థిరపడినది.

ఈ క్రమం వలన కలిగిన మేలు కాదనరానిది. ఏ కులంవాడైనా, ఏ ఇంటివాడైనా ఒకే పుస్తకం చదివి ఒకే పరీక్ష వ్రాసే హక్కు దీనివలననే వచ్చినది. దానితోపాటు ఒక నష్టమూ జరిగినది. పరీక్ష తప్పిన పిల్లవాడు తనకంటె చిన్నవారి మధ్య సిగ్గుతో కూర్చోవలసి వచ్చినది. వీధిబడిలో గౌరవంగా ఉన్న స్థానం తరగతి గదిలో అవమానంగా మారినది. వయస్సులు కలిసినంత మాత్రాన ఆత్మీయత కలగదు. ఏ భావంతో కలిపినారన్నదే ముఖ్యం.

యానాం గడ్డ మీద

మన్రో సర్వే బ్రిటిషు జిల్లాలకు సంబంధించినది. ఫ్రెంచి పాలనలోని యానాం అందులో చేరదు. అయినను గౌతమీ తీరాన ఈ చిన్న పట్టణానికీ చుట్టుప్రక్కల గ్రామాలకూ మధ్య గీచిన సరిహద్దును భాష గుర్తించలేదు, బంధుత్వాలు గుర్తించలేదు, చదువూ గుర్తించలేదు.

ఇందుకు నిదర్శనం చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు. 1870లో కడియంలో జన్మించిన ఆయన బాల్యం యానాంలో గడిచింది. ఇక్కడ చదువుకున్నారు, ఇక్కడనే కవిత్వం మొదలుపెట్టినారు. తరువాత చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద వ్యాకరణం చదివే రోజులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయి అయినారు. తిరుపతిశాస్త్రిగారు 1872లో జన్మించినవారు, అంటే ఈయనకంటె రెండేళ్లు చిన్న. ఒకే గురువు అరుగుమీద కలసిన ఆ ఇద్దరూ తిరుపతి వేంకట కవులుగా తెలుగుదేశమంతటా అవధానాలు చేసి కీర్తి గడించినారు. ఆ జంటపేరులో చిన్నవాని పేరే ముందున్నది. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన తరువాత కూడా వేంకటశాస్త్రిగారు తమ రచనలను జంటపేరుతోనే ప్రకటించినారు. సహాధ్యాయిత్వం మనిషి జీవితాన్ని ఎంతవరకు అల్లుకొనిపోగలదో చెప్పడానికి ఇంతకంటె మరొక ఉదాహరణ అవసరం లేదు.

యానాం పిల్లవానికి ఇంటిలో తెలుగు, కచేరీలో ఫ్రెంచి, నది దాటితే ఇంగ్లీషు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి పాలన నుండి విముక్తమైనది. అదే ఏడు నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించినది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టరీత్యా పూర్తయినది. పరిపాలన కేంద్రమైన పుదుచ్చేరి తమిళదేశంలో ఉన్నది, పాఠ్యపుస్తకాలు చిరకాలం ఆంధ్రదేశం నుండి వచ్చినవి. ఇన్ని మార్పుల మధ్య తెలుగు మాధ్యమ పాఠశాల ఈ ఊరి పిల్లలకు తమదనిపించే స్థలమై నిలిచినది. ఇంటి భాషయే బడి భాష కావడం వలన పై తరగతి పిల్లవాడు క్రింది తరగతి పిల్లవానికి పాఠం చెప్పడం ఇక్కడ సులభం. ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఆ బోధన సాగుతుంది.

ఫ్రాన్సు గ్రామసీమలలో కూడా అన్ని వయస్సుల పిల్లలకు ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడులు తరతరాలుగా నడిచినవి. 1920లో దక్షిణ ఫ్రాన్సులోని బార్‌సూర్‌లూ గ్రామంలో ఉపాధ్యాయుడైన సెలెస్తిన్ ఫ్రెనే తన పల్లె బడిలో ఒక చిన్న అచ్చుయంత్రం పెట్టించి, పిల్లలచేతనే తమ మాటలను అచ్చువేయించి, దూరపు బడులతో ఉత్తరాలు నడిపించినాడు. వ్రాసేవాడు ఒకడు, అక్షరాలు కూర్చేవాడు ఒకడు, సిరా పూసేవాడు ఒకడు. ఎవరికి చేతనైన పని వారిది, తయారైన పత్రిక అందరిది. బడి మాది అన్న భావం ఉపన్యాసంతో కలగదని, చేతికి పని ఇచ్చినప్పుడు కలుగుతుందని ఆయన చూపినాడు.

బంతిలో కూర్చొని కలసి తినడం కూడా ఇటువంటిదే. పుదుచ్చేరిలో ఫ్రెంచి ప్రభుత్వం 1930లోనే బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేసినది. కులభేదం పాటించని ఒక బంతి, చిన్నవాని ప్రక్కన పెద్దవాడు కూర్చొని తినే ఒక బంతి, వీధిబడి అరుగు ఇవ్వలేని దానిని ఇచ్చినది.

ఋషివ్యాలీ నిచ్చెన

కలసిన తరగతిని లోపంగా గాక బలంగా మలచిన ప్రయత్నాలు ఇరువదవ శతాబ్దిలో మన ప్రాంతాలలో జరిగినవి. 1907లో రోము నగరంలో మూడు నుండి ఆరేళ్ల పిల్లలను ఒకేచోట ఉంచి బోధించిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి, 1946 వరకు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినారు. వయస్సుల కలయిక ఆమె పద్ధతికి పునాది.

తెలుగు పల్లెబడికి మరింత దగ్గరైన ఉదాహరణ మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తిగారి ఆశయాలతో వెలసిన ఆ సంస్థకు చెందిన గ్రామీణ విద్యాకేంద్రంలో 1980ల ద్వితీయార్ధం నుండి పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుప్రక్కల గ్రామాలలో చిన్న బడులు నడిపినారు. ఒక్క గది, ఒక్క ఉపాధ్యాయుడు, అయిదు తరగతుల పిల్లలు. వారు పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్నచిన్న కార్డులుగా చేసినారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు. గోడమీద నేర్పు నిచ్చెన. పిల్లవాడు తానున్న మెట్టును నిచ్చెనలో చూచుకొని, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొన్ని కార్డులు ఉపాధ్యాయుని వద్ద కూర్చొని చేసేవి, కొన్ని ఆయన కొంత సహాయంతో చేసేవి, కొన్ని తోటిపిల్లల సహాయంతో చేసేవి, కొన్ని ఒంటరిగా చేసేవి. కోతల కాలంలో పదిరోజులు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చినప్పుడు విడిచిన మెట్టు నుండే మొదలుపెడతాడు. తప్పినవాడు అన్న మాటయే అక్కడ లేదు. ఊరి కథలు, తోలుబొమ్మలు, లెక్కల సంతలు ఆ బడులలో పాఠాలైనవి.

ఈ పద్ధతిని ఆధారంగా చేసుకొని తమిళనాడులో 2003 నుండి మద్రాసు నగరపాలక పాఠశాలలలోను, తరువాత రాష్ట్రమంతటా కృత్యాధార బోధన నడిచింది. ఇసుకలో ఓనమాలతో మద్రాసు నుండి లండనుకు పోయిన ఆలోచన రెండు శతాబ్దాలకు పైగా గడిచిన తరువాత కార్డుల రూపంలో మదనపల్లె నుండి మద్రాసుకు తిరిగి వచ్చినదని చెప్పవచ్చు. ఈసారి దానిలో బంధం కూడా ఉన్నది.

బంధం ఎట్లా ఏర్పడుతుంది

ఈ చరిత్రనంతా ఒకచోట పెట్టి చూస్తే కొన్ని సత్యాలు తేటపడతాయి. ఒకటవ తరగతి పిల్లవాడు మ, య అక్షరాల మధ్య తేడా తెలియక తికమకపడుతున్నప్పుడు ఆ కష్టం మూడవ తరగతి పిల్లకు వెంటనే తెలుస్తుంది. మొన్న మొన్ననే ఆమె కూడా అక్కడ తడబడినది గనుక. వాగు దాటి ఎంతోకాలమైన పెద్దలకు లోతు గుర్తుండదు. నిన్న దాటిన పిల్లకు ఏ రాయి జారుతుందో గుర్తుంటుంది. చెప్పే క్రమంలో ఆమెకూ తన చదువు గట్టిపడుతుంది. అంతకుమించి, తన అవసరం ఒకరికి ఉన్నదన్న తెలివిడి కలుగుతుంది. ఇంటిలో కడపటి సంతానమై ఎవరికీ పెద్దరికం చూపే అవకాశం లేని పిల్లవాడు బడిలో అన్న అవుతాడు. తోడబుట్టినవారు లేని పిల్లకు బడిలో చెల్లెలు దొరుకుతుంది.

కాని ఇది దానంతట అది జరుగదు. ఉపాధ్యాయుడు కూర్చొని, పెద్దపిల్లను కాపలాగా నియమించితే అది బోధన కాదు, వెట్టి. చురుకైన పిల్లకు ఎప్పుడూ చెప్పడమేగాని నేర్వడం లేకుండా పోతే ఆమెకు అన్యాయం జరిగినట్లే. తమ్ముని ఎత్తుకొని బడికి వచ్చే అక్క, ఇంటివద్ద చేసే చాకిరినే బడిలోనూ చేయవలసి వస్తే బడి ఆమెకు ఇచ్చినదేమి? పెద్దవాడు చిన్నవానిని వేధించే ప్రమాదం కూడా కలసిన గదిలో ఎక్కువ. వయస్సు మీరి చిన్నవారి మధ్య కూర్చున్న పిల్లవానికి ప్రత్యేకమైన గౌరవం కావాలి. అందుకే 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి మానినవారిని వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెప్పినది.

అదే చట్టం మరొక విషయం కూడా చెబుతున్నది. ఒకటి నుండి అయిదవ తరగతి వరకు అరువదిమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది అందులోని ప్రమాణం. అయిదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులంటే రెండు మూడు తరగతులు ఒకచోట కూర్చోక తప్పదు. కనుక కలసిన తరగతి తాత్కాలికమైన ఆపద్ధర్మం కాదు. చిన్న ఊళ్ల బడులకు అది సహజస్థితి. దానికి తగిన పుస్తకాలు, తగిన శిక్షణ, తగిన గది ఉపాధ్యాయునికి సమకూర్చవలసిన బాధ్యత ప్రభుత్వానిది. అవి లేకుండా అయిదు తరగతుల భారాన్ని ఒక్కరి తలపై మోపి, పాతకాలపు వీధిబడి గొప్పదని చెప్పడం ఉపాధ్యాయునికి, పిల్లలకు కూడా ద్రోహమే.

పెద్ద పాఠశాలలలో తరగతులు వేరుగా ఉన్నా, ఆ బంధాన్ని నిలుపుకునే మార్గాలు ఉన్నాయి. కొత్తగా చేరిన ప్రతి బిడ్డకూ పై తరగతి నుండి ఒక అన్నయ్యనో అక్కయ్యనో జత చేయవచ్చు. వారానికి ఒక గంట పై తరగతివారు క్రింది తరగతివారికి కథ చదివి వినిపించవచ్చు. తోటపని, గోడపత్రిక, వార్షికోత్సవ నాటకం వయస్సు భేదం లేకుండా సాగవచ్చు. జత మారుతూ ఉండాలి. కులం, వీధి, బంధుత్వం చూచుకొని జతకట్టే అలవాటును ఉపాధ్యాయుడు మెల్లగా తప్పించాలి. వీటికి డబ్బు ఖర్చు లేదు. పాత అరుగుమీది ఆప్యాయతను నేటి సమానత్వంతో జోడించడమే కావలసినది.

ఉపసంహారం

తల్లిదండ్రులు పిల్లవానిని బడి నుండి తీసుకొనివచ్చేటప్పుడు ఈ రోజు ఏమి నేర్చుకున్నావని అడుగుతారు. ఈ రోజు ఎవరికి నేర్పించావు, నీకు ఎవరు నేర్పించారు అని కూడా అడిగితే బాగుంటుంది. ఆ ప్రశ్నకు పిల్లవాడు రోజుకొక పేరు చెప్పగలిగితే, ఆ బడిలో వాడు ఒంటరివాడు కాడని నిశ్చింతగా ఉండవచ్చు.

డెబ్బది అయిదు సంవత్సరాల పాఠశాలలో తాత, తండ్రి, మనుమడు ఒకే గుమ్మం గుండా నడిచి ఉంటారు. ఒక విధంగా ఇటువంటి పాఠశాల యావత్తూ మూడు తరాల వయస్సులు కలసిన ఒకే తరగతి. ముందు చదివినవారు ఇప్పుడు చదివేవారికి చెయ్యి అందించడమే ఆ తరగతిలోని పాఠం. పూర్వ విద్యార్థులు సంవత్సరానికి ఒక్కనాడైనా వచ్చి, తమ కాలపు మాటలు చెప్పి, ఒక పిల్లవాని ప్రక్కన కూర్చొని ఒక పుట చదివించితే ఈ వేడుక సార్థకమవుతుంది. గుమ్మం వద్ద ఏడుస్తూ నిలబడే పసివాడు ప్రతి జూన్ నెలలోనూ వస్తాడు. వానిని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొనిపోయే అన్నయ్య, అక్కయ్య ఈ పాఠశాలలో ఎల్లకాలం ఉండాలి.